దవడ, ముఖం ఆపరేషన్లకు నరం బ్లాక్ మత్తు: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలువ గట్టు మీద బండి అదుపు తప్పి దవడ విరిగినవాళ్ళు, కొబ్బరి చెట్టు మీంచి జారినవాళ్ళు, జ్ఞాన దంతం వాచి నోరు బిగుసుకుపోయినవాళ్ళు, పెదవి చీలి కుట్లకొచ్చినవాళ్ళు, వాళ్ళ వెంట వచ్చిన ఇంటివాళ్ళు అడిగే ప్రశ్నలివి. కొత్తగా పోస్టింగుకి వచ్చిన హౌస్ సర్జన్లు అడిగేవి కూడా మధ్యలో కలిపాం. రోగులు వాటిని చదివినా నష్టం లేదు, తమకేం చేస్తున్నారో తెలుస్తుంది.

బ్లాక్ అంటే ఏమిటండీ? మామూలు పంటి సూదికీ దీనికీ తేడా ఏంటి?

గోదావరి డెల్టావాళ్ళకి కాలువ లెక్కన చెబితే తేలిక. ఒక్క చేనికి నీళ్ళు ఆపాలంటే ఆ చేని బోదెకి మట్టి అడ్డం వేస్తే చాలు. లాకు దగ్గర తలుపు దించితే మాత్రం దిగువనున్న బోదెలన్నిటికీ నీళ్ళు ఆగిపోతాయి. పంటి పక్కన చిగుట్లో చేసే సూది బోదెకి అడ్డం వేయడం లాంటిది. బ్లాక్ అంటే లాకు తలుపు దించడమే: నరం ఎముకలోకి దూరే చోటో, పుర్రెలోంచి బయటికొచ్చే చోటో మందు పెడితే, ఆ నరం కొమ్మలు వెళ్ళే మేరంతా మొద్దుబారుతుంది.

పై దవడ ఎముక పలచగా, సన్నని రంధ్రాలతో ఉంటుంది. పక్కన పెట్టిన మందు లోపలికి ఇంకుతుంది కాబట్టి చాలా పళ్ళకి మామూలు సూది సరిపోతుంది. కింది దవడ వెనక భాగం గట్టి ఎముక, మందు ఇంకదు. అందుకే కింది దవడ వెనక పళ్ళకి బ్లాక్ తప్పనిసరి అవుతుంది.

ముఖంలో ఏ నరాలకి చేస్తారు?

ముఖం స్పర్శ దాదాపు అంతా ట్రైజెమినల్ అనే నరం మూడు కొమ్మలది. నుదురు, పై కనురెప్ప మొదటిది. చెంప, ముక్కు పక్క, పై పెదవి, పై పళ్ళు, అంగిలి రెండోది. కింది దవడ, కింది పెదవి, గడ్డం, నాలుక ముందు భాగం మూడోది. ముఖాన్ని కదిలించేది, కన్ను మూయించేది వేరే నరం. ఈ సంగతి కింద ఒక ప్రశ్నలో మళ్ళీ వస్తుంది.

నుదుటి మీద గాయానికి కనుబొమ్మ ఎముక అంచు దగ్గర చేస్తారు. పై పెదవి, చెంప కుట్లకి కంటి గుంట కింది అంచుకి సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్ల దిగువన, నేరుగా చూసే కంటిపాప వరుసలో ఉండే రంధ్రం దగ్గర. కింది పెదవికి, గడ్డానికి చిన్న దవడ పళ్ళ రెండిటి వేళ్ళ మధ్య. కింది దవడ సగానికి నోటి లోపల, దవడ వెనక గోడ మీద. ఇక మొత్తం పై దవడకో, కింది దవడకో ఒకేసారి కావాలంటే చెంప ఎముక కిందనుంచీ, పైనుంచీ బయటి దారులున్నాయి. అవి అనస్థీషియా డాక్టర్లు ఆపరేషన్ థియేటర్లో చేసేవి.

ఏ ఆపరేషన్లు మెలకువగా ఉండగానే అయిపోతాయి?

జ్ఞాన దంతం తీయడం, చీము కోసి వదలడం, చిన్న తిత్తి తీయడం, పెదవి, చెంప కుట్లు, ముఖం మీద చిన్న గడ్డ తీయడం, దవడ ఒక్కచోటే విరిగితే పళ్ళకి తీగ కట్టి బిగించడం. దవడ రెండు మూడు చోట్ల విరిగినా, ప్లేట్లు వేయాల్సి వచ్చినా, గ్రహణ మొర్రి అయినా, కేన్సర్‌కి దవడ తీయాల్సి వచ్చినా పూర్తి మత్తే.

పూర్తి మత్తు ఇస్తున్నారు కదా, మళ్ళీ బ్లాక్ ఎందుకు?

మెలకువ వచ్చాక నొప్పి కోసం. నిద్రలో ఉన్నా నరం తన పని తాను చేస్తుంది. బ్లాక్ ఉంటే నొప్పి కబురు మెదడుకి చేరదు. బీపీ, నాడి ఎగబాకవు, మత్తు గ్యాసు తక్కువ పడుతుంది, లేచాక మార్ఫిన్ తరహా మందులు తక్కువ వాడాల్సి వస్తుంది. వాంతులు తగ్గడం ఇందులో చిన్న సంగతేం కాదు. పై దవడని, కింది దవడని తీగలతో కలిపి కట్టేసిన మనిషికి వాంతి వస్తే ప్రాణం మీదికొస్తుంది. అలా కట్టినవాళ్ళ మంచం దగ్గర తీగలు కత్తిరించే కటర్ ఎప్పుడూ ఉండాలి.

తిని రావాలా, మాని రావాలా?

ఒట్టి సూది మత్తు అయితే తినే రండి. రెండు ఇడ్లీలు తిని, రోజూ వేసుకునే బీపీ మాత్ర, షుగర్ మాత్ర వేసుకుని రండి. మే నెల ఎండలో ఖాళీ కడుపుతో బస్సులో నిలబడి వచ్చినవాళ్ళే కుర్చీలో కళ్ళు తిరిగి పడిపోయేది. సూదికొచ్చే ఇబ్బందుల్లో అన్నిటికంటే ఎక్కువ కనిపించేది ఇదే. పూర్తి మత్తో, రక్తనాళంలోకి నిద్రమందో ఇచ్చేట్టయితే మాత్రం ఘనాహారం 6 గంటల ముందు, మంచినీళ్ళు 2 గంటల ముందు ఆపాలి. పాలు, మజ్జిగ, పాలు పోసిన టీ ఘనాహారం కిందే లెక్క. "ఒక్క గుక్క టీ తాగాడండీ" అని థియేటర్ గుమ్మంలో చెబితే ఆపరేషన్ వాయిదా పడుతుంది. అయినా దాచకుండా చెప్పండి. అలా మాని వచ్చే రోజున షుగర్ మందులు ఎప్పుడు, ఎంత అనేది డాక్టరే చెబుతారు.

కింది దవడ బ్లాక్ ఎలా చేస్తారు? నొప్పి ఎంత ఉంటుంది?

ముందు గుడ్డతో చిగురు తుడిచి ఆరబెట్టి, మొద్దుబారే జెల్ ఒకటి రెండు నిమిషాలు రాసి ఉంచుతారు. తడి మీద రాసిన జెల్ ఉమ్ములో కొట్టుకుపోతుంది, పనిచేయదు. తర్వాత డాక్టర్ బొటనవేలిని మీ కింది దవడ వెనక గోడ ముందు అంచు పల్లంలో పెడతారు. సిరంజి ఎదురు వైపు చిన్న దవడ పళ్ళ మీదుగా వస్తుంది. కింది పళ్ళ నమిలే మట్టానికి 6 నుంచి 10 మిల్లీమీటర్ల పైన, నోరు బాగా తెరిస్తే లోపల తాడులా లేచి కనిపించే మడతకి బయటి వైపున సూది దిగుతుంది. పెద్దవాళ్ళలో 20 నుంచి 25 మిల్లీమీటర్ల లోతుకి ఎముక తగలాలి. తగిలాక ఒక మిల్లీమీటర్ వెనక్కి లాగి, రక్తం వస్తుందేమోనని పిస్టన్ వెనక్కి లాగి చూసి, సుమారు 1.5 మిల్లీలీటర్లు నిమిషం పాటు నెమ్మదిగా ఎక్కిస్తారు. సూది సగం వెనక్కి తీసి నాలుక నరానికి ఇంకొంచెం. చెంప వైపు చిగురుది వేరే నరం కాబట్టి చివరి పన్ను పక్కన మరో చిన్న సూది.

నొప్పి సూది గుచ్చడం వల్ల కంటే మందు వేగంగా తోయడం వల్ల ఎక్కువ. రక్తనాళాల్ని బిగించే అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ (మొద్దుబార్చే మందు) పుల్లటి ద్రావణం, అందుకే మండుతుంది. 10 మిల్లీలీటర్లకి 8.4 శాతం సోడియం బైకార్బొనేట్ ఒక మిల్లీలీటర్, అదీ వాడే ముందే కలిపితే మంట తగ్గుతుంది. అన్నిచోట్లా కలపరు. నెమ్మదిగా ఎక్కించడం మాత్రం ఎక్కడైనా కుదురుతుంది. అంగిలిలో చేసే సూది నిజంగానే నొప్పి, అక్కడ కండ ఎముకకి అతుక్కుని ఉంటుంది. ముందే చెప్పి చేయడం న్యాయం.

మధ్యలో నాలుకలోకో, పెదవిలోకో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే చెయ్యి ఎత్తండి. తల కదపొద్దు. సూది నరాన్ని తాకిందని అర్థం. కొంచెం వెనక్కి తీసి, దారి మార్చి చేయాలి గానీ అక్కడే మందు తోయకూడదు.

మత్తు ఎక్కిందని ఎలా తెలుస్తుంది?

మూడు నుంచి ఐదు నిమిషాల్లో ఆ వైపు కింది పెదవి చీమలు పాకినట్టయి, లావెక్కినట్టు అనిపిస్తుంది. అద్దంలో చూస్తే మామూలుగానే ఉంటుంది. నాలుక ఒక పక్క అట్టలా అవుతుంది. పెదవి మొద్దుబారకుండా పన్ను మీద చెయ్యి వేయకూడదు. పెదవి మొద్దుబారినా పన్ను లోపలికి ఇంకా ఎక్కి ఉండకపోవచ్చు. పది నిమిషాలు ఆగడం వల్ల పోయేదేం లేదు.

నొప్పి వేస్తే ఓర్చుకోవాలా?

వద్దు. ఈ పేజీలో ఒక్కటే గుర్తుంచుకుంటే ఇది గుర్తుంచుకోండి.

మన ఊళ్ళలో పెద్దవాళ్ళు, ముఖ్యంగా మగవాళ్ళు, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుని భరిస్తారు. "ఏం ఫర్లేదండీ, కానివ్వండి" అంటారు. అది డాక్టర్‌కి సాయం కాదు. మీరు చెప్పే నొప్పి డాక్టర్‌కి కావలసిన సమాచారం: ఏ నరం ఇంకా మెలకువగా ఉందో చెప్పేది అదొక్కటే. ఓర్చుకుంటే అడ్రినలిన్ మీ ఒంట్లోంచే పుట్టి బీపీ పెరుగుతుంది, రక్తం ఎక్కువ కారుతుంది, ఆపరేషన్ కష్టమవుతుంది.

ఒక్క తేడా తెలుసుకోవాలి. తోసినట్టు, లాగినట్టు, ఎముక కటకటమన్నట్టు తెలుస్తుంది. అది పోదు, ఆ కబురు మోసే పోగులు లావువి, మత్తుకి తొందరగా లొంగవు. సూటిగా, సూదిలా, కత్తిలా పొడిచినట్టుంటే అది నొప్పి. మొదలుపెట్టే ముందే ఎడమ చెయ్యి ఎత్తితే ఆపాలని డాక్టర్‌తో మాట అనుకోండి.

బ్లాక్ చేసినా నొప్పి ఎందుకు వస్తుంది? (హౌస్ సర్జన్లకి కూడా)

ఏది మొద్దుబారలేదో చూస్తే ఏది తప్పిందో తెలుస్తుంది. పెదవే మొద్దుబారలేదా? మందు చేరాల్సిన చోట చేరలేదు. నాలుక ఒక్కటే మొద్దుబారి పెదవి బాగుందా? సాధారణంగా మందు దిగువనో ముందుకో పడింది, మళ్ళీ కొంచెం పైన చేయండి. పెదవి బాగా మొద్దుబారి, చెంప వైపు చిగురు కోస్తే నొప్పా? లాంగ్ బక్కల్ (చెంప వైపు చిగురు నరం) మర్చిపోయారు. పెదవి, నాలుక, చెంప అన్నీ మొద్దుబారి దవడ పన్నొక్కటే పోటెత్తుతోందా? మైలోహయాయిడ్ నరం (నోటి అడుగు కండకి వెళ్ళేది) కొమ్మని అనుమానించి, ఆ పన్ను నాలుక వైపు చిగుట్లో కొద్దిగా చేయండి. ముందు పళ్ళకి, గడ్డం మధ్య విరిగిన ఎముకకి ఒక వైపు చేస్తే చాలదు. నరాలు మధ్యగీత దాటి అవతలికి వస్తాయి, ఎదురు వైపు మెంటల్ బ్లాక్ (గడ్డం నరానికి చేసేది) కూడా కావాలి.

సగం లోతు కూడా వెళ్ళకుండానే ఎముక తగిలితే మొన బాగా ముందుకుంది. సూది పూర్తిగా తీయకుండా కొంచెం వెనక్కి లాగి, సిరంజిని ఎదురు వైపు కోర పన్ను మీదికి తిప్పి మళ్ళీ పోనివ్వండి. 25 మిల్లీమీటర్లు దాటినా ఎముక తగలకపోతే మొన వెనక్కి పోయింది. సిరంజిని ఎదురు వైపు దవడ పళ్ళ మీదికి తిప్పండి. ఎముక తగలకుండా మందు ఎక్కించకండి.

సూది మీద ఒక మాట. 30 గేజ్ పొట్టి సూదితో ఈ బ్లాక్ చేయొద్దు. సన్న సూది కండలో వంగుతుంది, రక్తం సరిగ్గా వెనక్కి రాదు, మొదలు దాకా గుచ్చాల్సి వస్తుంది. విరిగితే విరిగేది మొదట్లోనే. 25 లేదా 27 గేజ్ పొడుగు సూది తీసుకుని కనీసం 5 మిల్లీమీటర్లు బయట ఉంచండి.

చీము పట్టినప్పుడు మత్తు పట్టదంటారు, నిజమేనా?

నిజమే, కారణమూ ఉంది. లిగ్నోకైన్ నరం పొరలోంచి దూరాలంటే విద్యుదావేశం లేని రూపంలో ఉండాలి. మామూలు కండలో 7.4 పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) దగ్గర మందులో నాలుగో వంతు ఆ రూపంలో ఉంటుంది. చీముతో పీహెచ్ 6.4కి పడిపోతే అది నూటికి మూడు పాళ్ళే. అందుకే చీము గడ్డలోకి కాకుండా దాని ఎగువన, వాపు లేని చోట బ్లాక్ చేస్తారు. వాచిన కండలోంచి సూది పోనిస్తే సూక్ష్మజీవుల్ని లోతుకి మోసినట్టూ అవుతుంది.

గడ్డం కింద రెండు వైపులా గట్టిగా వాచి, నాలుక పైకి లేచి, ఉమ్ము మింగలేక కారుతుంటే, మాట మారిపోతే పంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం తెల్లారేదాకా ఆగొద్దు. పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి 108 పిలవండి. ఊపిరి దారి మూసుకుపోయే వాపు అది. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలాంటి పెద్దచోటికే వెళ్ళాలి.

నోరు వేలెడు కూడా తెరుచుకోవడం లేదు. బ్లాక్ ఎలా చేస్తారు?

నోరు మూసి ఉండగానే చేసే పద్ధతి ఉంది, వజిరాని–అకినోసి బ్లాక్. చెంపని పక్కకి లాగి, పై దవడ చివరి పన్ను దగ్గర చిగురు గీతకి సమాంతరంగా, దవడ ఎముకకీ పై దవడకీ మధ్య సందులోంచి సుమారు 25 మిల్లీమీటర్లు పోనిచ్చి మందు పెడతారు. ఇందులో ఎముక తగలదు కాబట్టి లోతు చూసుకునే చేయాలి.

జ్ఞాన దంతం నొప్పికో, ఎముక విరిగిన నొప్పికో బిగుసుకున్న దవడ బ్లాక్ ఎక్కాక తెరుచుకుంటుంది. గుట్కా, ఖైనీ నమిలి చెంపలు చర్మపు అట్టలా బిరుసెక్కిన నోరు బ్లాక్ ఎక్కినా తెరుచుకోదు. ఆ మనిషికి పూర్తి మత్తు ఇస్తే కూడా తెరుచుకోదు, గొట్టం వేయడం కష్టమవుతుంది. కాబట్టి గుట్కా అలవాటుంటే అనస్థీషియా డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. ఇంట్లోవాళ్ళ ముందు చెప్పలేకపోతే విడిగా మాట్లాడాలని అడగండి.

మందు ఎంత వాడొచ్చు?

ఇక్కడ ఎక్కువగా వాడేది 1:80,000 అడ్రినలిన్ కలిపిన 2 శాతం లిగ్నోకైన్. 2 శాతం అంటే మిల్లీలీటర్‌కి 20 మిల్లీగ్రాములు. అడ్రినలిన్ లేకుండా కిలో బరువుకి 4.5 మిల్లీగ్రాములు, మొత్తం 300 దాటకుండా. అడ్రినలిన్‌తో కిలోకి 7, మొత్తం 500 దాటకుండా. 60 కిలోల మనిషికి ఆ లెక్కన 420 మిల్లీగ్రాములు, అంటే 21 మిల్లీలీటర్లు. పంటి కుర్చీలో అంత దాకా పోనక్కర్లేదు, కిలోకి 4.4 దగ్గర ఆగితే 13 మిల్లీలీటర్లు. అదే చాలా ఎక్కువ.

ప్రమాదం చిన్నపిల్లల దగ్గర. 15 కిలోల బిడ్డకి 4.4 లెక్కన 66 మిల్లీగ్రాములు, అంటే 3.3 మిల్లీలీటర్లు. నాలుగు మూలలా పళ్ళు ఒకేసారి చూద్దామనుకుంటే తెలియకుండానే దాటిపోతారు. బరువు తూచి, లెక్క రాసుకుని, సిరంజిలో అంతే తీసుకోవాలి.

గుండె జబ్బుంది. అడ్రినలిన్ మందు చేయొచ్చా?

గుండె జబ్బు అదుపులో ఉంటే కొద్దిగా చేయొచ్చు, కొలత ఉంది: ఒక విడతకి 40 మైక్రోగ్రాములు దాటకుండా. 1:80,000 మందులో మిల్లీలీటర్‌కి 12.5 ఉంటుంది కాబట్టి 3.2 మిల్లీలీటర్లు. 1:2,00,000 అయితే 8 మిల్లీలీటర్లు. ఈమధ్యే గుండెపోటు వచ్చినా, థైరాయిడ్ అదుపు లేకుండా ఎక్కువున్నా, ప్రొప్రనొలాల్ (బీపీ, గుండెదడ మాత్ర) వాడుతున్నా ముందే చెప్పాలి. మాత్రల పేర్లు గుర్తుండకపోతే చీటీ కాదు, మాత్రల అట్టలే సంచిలో వేసుకుని రండి.

రక్తం పలచబడే మాత్రలు ఆపేసి రావాలా?

సొంతంగా ఆపొద్దు. స్టెంటు వేసినవాళ్ళు నాలుగు రోజులు మానేస్తే స్టెంటు మూసుకుపోవచ్చు, పంటి రక్తం కంటే అది పెద్ద ఆపద. వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవాళ్ళు ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే) పరీక్ష చేయించుకుని ఆ కాగితం తేవాలి. లోతుగా చేసే బ్లాక్‌లో రక్తనాళానికి తగిలితే నొక్కి ఆపడానికి అందదు, అందుకే వీలైతే వీళ్ళకి పంటి పక్కనే చేసే సూదులతో సరిపెడతారు.

నాకు మత్తు సూది "పడదు". ఏం చేయాలి?

అప్పుడు ఏం జరిగిందో విడమరిచి చెప్పండి. కళ్ళు తిరిగి చెమటలు పట్టాయా? అది స్పృహ తప్పడం. గుండె దడదడలాడి చేతులు వణికాయా? అడ్రినలిన్ రక్తనాళంలోకి వెళ్ళి ఉండొచ్చు. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు ఉబ్బడం, పిల్లికూతలు వచ్చాయా? అది అలర్జీ అయి ఉండొచ్చు. లిగ్నోకైన్‌కి నిజమైన అలర్జీ చాలా అరుదు, మందు పాడవకుండా కలిపే సల్ఫైట్, పారాబెన్‌లకి రావొచ్చు. చర్మం మీద చేసే టెస్ట్ డోస్ బాగుంటే ఇక భయం లేదనుకోవడం పొరపాటు.

సూది చేశాక కన్ను మూతపడటం లేదు, మూతి వంకరపోయింది. పక్షవాతమా?

కాదు. సూది మొన వెనక్కి పోయి, మందు చెవి ముందున్న లాలాజల గ్రంథిలో పడితే, అందులోంచి పోయే ముఖం కదిలించే నరం కాసేపు నిద్రపోతుంది. ఎముక తగలకుండా మందు ఎక్కించొద్దనేది దీనికే. కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. అందాకా కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేసి, చుక్కలమందు వేసి, రెప్పని చేత్తో మూసి గుడ్డ అంటించాలి. గాలి, దుమ్ములో బండి మీద అలా వెళ్ళొద్దు. చెయ్యి, కాలు కూడా పట్టు తప్పితే మాత్రం అది వేరే సంగతి, వెంటనే ఆసుపత్రి.

మందు ఒంటికెక్కితే ఎలా తెలుస్తుంది, ఏం చేయాలి? (హౌస్ సర్జన్లకి)

నోటి చుట్టూ తిమ్మిరి, ఇనుము రుచి, చెవుల్లో హోరు, ఉన్నట్టుండి వాగడం లేదా మగత. తర్వాత ఫిట్స్, ఆపైన గుండె లయ తప్పడం. ముఖం బ్లాక్‌లో నోరు ఎలాగూ మొద్దుబారి ఉంటుంది కాబట్టి మొదటి గుర్తు మనకి అందదు. మాట్లాడిస్తూ ఉండటమే దారి. సూది ఆపండి, సాయం పిలవండి, ఆక్సిజన్ పెట్టి ఊపిరి చూడండి, ఫిట్స్‌కి మిడజొలామ్. ఎక్కిన మందుకి విరుగుడుగా 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (నరంలోకి కాదు, రక్తనాళంలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం) కిలోకి 1.5 మిల్లీలీటర్లు రెండు మూడు నిమిషాల్లో, తర్వాత నిమిషానికి కిలోకి 0.25. 60 కిలోలకి అది 90, తర్వాత నిమిషానికి 15. మొత్తం కిలోకి 12 దాటొద్దు. గుండె ఆగితే అడ్రినలిన్ మామూలు మోతాదు కాదు, కిలోకి ఒక మైక్రోగ్రాము లోపు విడతలు. లిపిడ్ సీసా ఏ బీరువాలో ఉందో బ్లాక్ మొదలుపెట్టే ముందే తెలిసి ఉండాలి.

మందు సీసా సంగతీ ఇక్కడే. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ 25 డిగ్రీల లోపు, వెలుతురు తగలకుండా ఉండాలి. మే నెలలో కరెంటు పోయిన గదిలో, ఆటోక్లేవ్ పక్కన పెట్టిన సీసాలో అడ్రినలిన్ చచ్చిపోతుంది. మత్తు తొందరగా దిగిపోతోందంటే, రక్తం ఎక్కువ కారుతోందంటే చేతి పనితనం కంటే ముందు సీసాని అనుమానించండి. రంగు మారితే పారేయండి. 30 మిల్లీలీటర్ల సీసాలోంచి ప్రతిసారీ కొత్త సూది, కొత్త సిరంజితోనే తీయాలి.

ఇంటికెళ్ళాక ఏం జాగ్రత్త?

పన్ను మత్తు గంట, గంటన్నరలో దిగినా పెదవి, నాలుక మొద్దు మూడు నుంచి ఐదు గంటలు ఉంటుంది. ఎక్కువసేపు పనిచేసే బుపివకైన్ వాడితే ఇంకా ఎక్కువ. మొద్దు పూర్తిగా పోయేదాకా నమలడం, కిళ్ళీ, వేడి టీ వద్దు. పులస సీజనైనా సరే చేపల పులుసు వద్దే వద్దు. ముల్లు దిగినా నాలుకకి తెలియదు, గొంతు దాకా పోతుంది. చల్లారిన మజ్జిగ అన్నం మెత్తగా పిసికి రెండో వైపు పెట్టుకోండి. పిల్లలు పెదవి వింతగా ఉందని కొరికేసుకుంటారు, మర్నాటికి ఉబ్బి పుండవుతుంది. మొద్దు దిగేదాకా ఒక మనిషి పక్కనే కూర్చోవాలి. నొప్పి మాత్ర మొద్దు దిగకముందే వేసుకోండి.

లంక ఊళ్ళవాళ్ళు, సఖినేటిపల్లి–నరసాపురం పంటు దాటి వచ్చేవాళ్ళు పొద్దున్నే రండి. రక్తం ఆగిందని డాక్టర్ చూశాకే బయల్దేరండి. వరద రోజుల్లో రాత్రి రక్తం కారితే దాటే దారుండదు. వీలైతే ఆ రాత్రికి ఇవతలి ఒడ్డున చుట్టాలింట్లో ఉండండి.

మర్నాటికి కూడా పెదవి మొద్దు పోలేదు. ఏం చేయాలి?

ఫోన్ చేసి రండి. మొద్దున్న మేర అంచుల్ని పెన్నుతో గీసి, తేదీ వేసి ఫొటో తీసి పెట్టుకుంటారు. రెండు వారాలకోసారి అదే గీత చూస్తే మొద్దు కుంచించుకుపోతోందా, అలాగే ఉందా తెలుస్తుంది. చాలామందికి కొన్ని వారాల్లో చీమలు పాకినట్టు మొదలై స్పర్శ తిరిగొస్తుంది. నోరు బిగుసుకుంటే గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ, రోజుకి నాలుగైదు సార్లు నెమ్మదిగా నోరు తెరవడం సాధన చేయాలి. బిగువు రోజురోజుకీ పెరిగినా, జ్వరం వచ్చినా గీత చూసుకుంటూ కూర్చోకుండా ఆ రోజే రండి.